బంతి పోయిన మరుక్షణం

కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి ఒక్కడే పట్టబోతే జారిపోతాడు. నలుగురూ గొలుసు కట్టి ఒక్కసారిగా కమ్ముకుంటే చిక్కుతాడు. ఫుట్‌బాల్‌లో 'హై ప్రెస్' కూడా అలాంటిదే. బంతి పోయిన మరుక్షణమే, అవతలివాళ్ళ గోలు దగ్గరే, చుట్టుముట్టి లాక్కోవాలి. దొరికాక చిన్నచిన్న పాస్‌లతో మన దగ్గరే నిలుపుకోవాలి. 2008 నుంచి 2012 దాకా గార్డియోలా శిక్షణలో బార్సిలోనా ఆడిన ఆట ఇదే.

పాస్‌ల విద్య మన హైదరాబాద్‌కు అంతకుముందే తెలుసు. అక్కడి సయ్యద్ అబ్దుల్ రహీం మొదట బడిపంతులు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో ఆయన పోటీలు పెట్టించారు. బంతిని తిప్పుకుంటూ ఒంటరిగా పరుగెత్తకూడదు, అందగానే తోటివాడికి ఇచ్చేయాలి. అలా ఆడాలంటే బంతి రాకముందే తోటివాడు ఎక్కడున్నాడో చూసుకోవాలి. ఎంత గొప్ప ఆలోచన! ఆయన శిక్షణలో భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన మరుసటి ఏడే ఆయన క్యాన్సర్‌తో కన్నుమూశారు.

మన బళ్ళలోని వ్యాయామ ఉపాధ్యాయులకు నా మనవి: వారానికి ఒక్క రోజైనా పిల్లలచేత డ్రిబ్లింగ్ లేని ఆట ఆడించండి.