సొమ్మొకరిది, సోకొకరిది: చలనచిత్రములకు పన్ను రాయితీలు

(పఠనమందిరమున గావించిన ఉపన్యాస పాఠము)



సినిమానుగూర్చి మాటలాడుదుమని ప్రకటన చూచి కొందరు మిత్రులు తారల ముచ్చట్లు వినవచ్చునని వచ్చినట్లున్నారు. వారిని నిరాశపరుపక తప్పదు. మేము చెప్పబోవునది తెరమీది బొమ్మనుగూర్చి కాదు. ఆ బొమ్మ తీయువారికై ప్రభుత్వములు విడిచిపెట్టుచున్న పన్నునుగూర్చి. తెరమీది కథ మూడు గంటలలో ముగియును. ఈ కథకు వెల మాత్రము ఏనాడును సినిమాశాల గడప త్రొక్కనివాడును చెల్లించుచున్నాడు.

ఈ పద్ధతి విరివిగా పెరిగిన చోటు అమెరికా గనుక ముందుగా అచ్చటి సంగతి వినుడు. ఆ దేశమున ప్రతి రాష్ట్రమును తన పన్నులను తానే విధించుకొనును, తానే సడలించుకొనును. 2002లో లూసియానా రాష్ట్రము ఒక చట్టముచేసి, తన గడ్డపై చిత్రము తీయువారికి వారు పెట్టిన ఖర్చులో కొంత పాలు పన్ను జమగా నిచ్చెదనని చాటినది. హాలీవుడ్డు కంపెనీలు కాలిఫోర్నియాను వీడి అచ్చటికి తరలివచ్చినవి. ఇరుగుపొరుగు రాష్ట్రములు చూచుచు ఊరకుండునా? ఎనిమిదేండ్లు గడచునప్పటికి నలువదికి పైగా రాష్ట్రములు ఇట్టి దుకాణమునే తెరచినవి.

పన్ను జమ యనగా నేమో కొంచెము విప్పి చెప్పవలెను. మోసమంతయు ఈ మాటలోనే యున్నది. ఒక కంపెనీ జార్జియా రాష్ట్రమున కోటి డాలర్లు ఖర్చుపెట్టి చిత్రము తీసిన దనుకొనుడు. అచ్చటి 2008 నాటి చట్టము ప్రకారము ఖర్చులో నూటికి 20 వంతులు జమ; చిత్రము చివర ఆ రాష్ట్రపు పీచి పండు గుర్తును చూపినయెడల మరి 10 వంతులు. మొత్తము 30 లక్షల డాలర్లు. అయితే ఆ కంపెనీ కాపురము కాలిఫోర్నియాలో. జార్జియాకు అది చెల్లింపవలసిన పన్ను అంత యెక్కడ నుండును? అందుచేత ఆ జమ కాగితమును కొంత తగ్గింపు వెలకు మరియొక కంపెనీకి అమ్ముకొనును. కొన్న కంపెనీ తాను కట్టవలసిన పన్నుక్రింద ఆ కాగితమును చూపి చేతులు దులుపుకొనును. పన్ను కట్టవలసినవాడొకడు, లాభపడినవాడు వేరొకడు, నష్టపడినది బొక్కసము. దీనికి రాయితీ యని పేరు! నిజమునకిది ఖర్చు. కాని ఖర్చు పద్దులో వ్రాసినచో శాసనసభలో ఎవడో యొకడు లేచి ప్రశ్నించును. రాని పన్నునుగూర్చి ప్రశ్నించువా డుండడు.

మిషిగను రాష్ట్రపు కథ మరింత విచారకరము. మోటారు కార్ల ఫ్యాక్టరీలు ఒకటి వెంబడి నొకటి మూతపడి, పనివాండ్రు వీథిన బడిన కాలమది. 2008లో ఆ ప్రభుత్వము సినిమా ఖర్చులో నూటికి 42 వంతుల వరకు తిరిగి యిచ్చుటకు సిద్ధపడినది. ఇచ్చట జమ కాగితము అమ్ముకొను శ్రమయును లేదు. కట్టవలసిన పన్నునకు మించినదానిని ప్రభుత్వమే చెక్కు వ్రాసి యిచ్చును. పాంటియాకు పట్టణములో జనరల్ మోటార్సువారు విడిచిన ఆవరణలో పెద్ద స్టూడియో కట్టిరి. ఆ కట్టడమునకు ఎత్తిన కోటి 80 లక్షల డాలర్ల బాండ్లకు పూచీ ఎవరిదనుకొన్నారు? బడిపంతుళ్లును ప్రభుత్వోద్యోగులును ముసలితనమునకు దాచుకొన్న పింఛను నిధులది. డిస్నీ కంపెనీవారు 'ఆజ్' అను మాయానగరపు చిత్రమును 2011లో అచ్చట తీసిరి. ఆ యేడే క్రొత్త గవర్నరు వచ్చి, రాయితీ ఏడాదికి రెండున్నర కోట్ల డాలర్లు మించరాదని కట్టడి చేసెను. చిత్రములు తగ్గినవి. 2012లో స్టూడియో బాకీ చెల్లింపలేకపోగా పింఛను నిధియే చెల్లింపవలసి వచ్చినది. 2015లో ఆ పథకమునకే స్వస్తి చెప్పిరి. ఆ రాష్ట్రపు సెనేటు ఆర్థిక శాఖవారు 2010లోనే లెక్కకట్టి చెప్పియుండిరి, విడిచిన ప్రతి డాలరునకు బొక్కసమునకు తిరిగి వచ్చునది సుమారు 11 సెంట్లని. వినువారెవరు? దున్నపోతు ఈనినదన్నచో దూడను కట్టివేయుమనువారే యెక్కువ.

ఉచితముగా వచ్చు సొమ్మున్నచోట ఈగలు ముసరుట సహజము. అయోవా రాష్ట్రములో పన్ను జమల సొమ్ముతో సినిమావారు ఖరీదైన మోటారు కార్లు కొనుక్కొనిరని 2009లో బయటపడి పథకమునే నిలిపివేసిరి. లూసియానాలో సినిమా శాఖకు పెద్దగా నుండిన అధికారి లంచము తిని నేరము నొప్పుకొనెను. కంచెయే చేను మేసినది.

2014లో మేరీలాండు రాష్ట్రమున మరియొక వింత జరిగినది. రాజకీయపు కుట్రలను చూపించు 'హౌస్ ఆఫ్ కార్డ్స్' అను ధారావాహికను అచ్చట తీయుచుండిరి. రెండు భాగములకు కోట్ల డాలర్ల రాయితీ ముట్టినది. మూడవ భాగమునకు తగినంత సొమ్ము దొరకదేమో యను అనుమానము కలుగగానే, సెట్టింగులు విప్పుకొని వేరు రాష్ట్రమునకు పోయెదమని నిర్మాతలు గవర్నరునకు జాబు వ్రాసిరి. శాసనసభ్యులకు రోషము వచ్చి, మీరు పోయినచో మీ సామగ్రిని ప్రభుత్వము స్వాధీనపరచుకొనునని తీర్మానమునకు ఒక సవరణ తగిలించిరి. తుదకు బేరము కుదిరినది, రాయితీ దొరికినది, ధారావాహిక అచ్చటనే సాగినది. సామగ్రి జప్తు మాట అందరును మరచిరి. తెరమీది కుట్రలకన్న ఇదియే రసవత్తరముగా నున్నదని మాకు తోచుచున్నది.

ఈ పథకమున మంచియే లేదని మేమనము. జార్జియాలో నిజముగనే ఒక పరిశ్రమ లేచినది. అట్లాంటా పరిసరములలో స్టూడియోలు వెలసినవి. ఒక పాత సైనిక స్థావరములో 330 ఎకరముల స్టూడియోను టైలర్ పెర్రీ 2019లో ప్రారంభించెను. వడ్రంగులు, దీపముల పనివారు, కుట్టుపనివారు అచ్చటనే యిండ్లు కట్టుకొని స్థిరపడిరి. ఇది చిన్న సంగతి కాదు. కాని లెక్క యెట్టిది? 2018 ఆర్థిక సంవత్సరములో సినిమావారు 270 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టగా, రాష్ట్రమునకు కలిగిన మేలు 950 కోట్ల డాలర్లని ప్రభుత్వము చాటింపు వేసినది. ఖర్చయిన ఒక్కొక్క డాలరును మూడున్నర రెట్లు చేసి చూపిరన్నమాట. 2020లో ఆ రాష్ట్రపు ఆడిటర్లే ఆ గుణకారము తప్పనియు, మేలును అతిగా చూపినారనియు, అర్హత లేనివారికిని జమలు పోయినవనియు నివేదిక వ్రాసిరి. 2022లో 440 కోట్ల డాలర్లకు ఎక్కిన ఖర్చు 2024 నాటికి సుమారు 260 కోట్లకు దిగినది. నడుమ 2023లో రచయితల, నటుల సమ్మెలు జరిగిన మాట నిజమే. కాని అట్లాంటాలో ఏండ్లతరబడి చిత్రములు తీసిన మార్వెల్ కంపెనీ తన పెద్ద చిత్రములను బ్రిటనుకు తరలించుకొనిపోవుటకు సమ్మెలు కారణము కావు. అచ్చటను ప్రభుత్వము రాయితీ యిచ్చుచున్నది. పనివారికయ్యెడు ఖర్చును తక్కువయట. నూటికి 30 వంతులిచ్చి పిలిచిన అతిథి, అంతకన్న మేలైన విందు దొరికిన యింటికి లేచిపోయెను. అతిథిది తప్పని యెట్లనగలము?

ఇక కాలిఫోర్నియా. సినిమాకు పుట్టినిల్లే తన బిడ్డలను నిలుపుకొనుటకు 2009 నుండి రాయితీ యిచ్చుచున్నది. ఏడాదికి 33 కోట్ల డాలర్లుగా నున్నదానిని 2025లో 75 కోట్లకు పెంచినది. ఇంటివాడే తన యింటిలో నుండుటకు బాడుగ చెల్లించుకొనుచున్నాడు! ఒక్క రాష్ట్రము రాయితీ యిచ్చినప్పుడది ఆకర్షణ. అందరును ఇచ్చునప్పుడది కప్పము. మంది యెక్కువైనకొలది మజ్జిగ పలుచనగును. ఇచ్చట మజ్జిగ పోయువాడు మాత్రము పన్ను కట్టువాడే.

ఇది దూరదేశపు ముచ్చట, మనకేమి యందురా? మన తెలుగు చిత్రపు పుట్టుకయే పరాయిగడ్డపై జరిగినది. 1932లో వచ్చిన 'భక్త ప్రహ్లాద'ను హెచ్. ఎం. రెడ్డిగారు బొంబాయిలో తీసిరి. 1936లో నిడమర్తి సూరయ్యగారు రాజమహేంద్రవరమున దుర్గా సినీటోను స్థాపించి చిత్రము తీసిరి గాని ఆ ప్రయత్నము నిలువలేదు. స్టూడియోలు, లాబొరేటరీలు, పనితెలిసినవారు మద్రాసులో నుండిరి గనుక తెలుగు చిత్రము మద్రాసులో పెరిగినది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాతను దశాబ్దములపాటు అంతే. టిక్కెట్ల సొమ్ము గుంటూరులోను, వరంగల్లులోను, కడపలోను వసూలగును. కూలిసొమ్ము మద్రాసులో పంచబడును.

అప్పుడు ప్రభుత్వము రాయితీ నిచ్చినది. స్టూడియోలకు హైదరాబాదులో స్థలములు, రాష్ట్రములోనే తీసిన చిత్రములకు సబ్సిడీ, 1939 నాటి మద్రాసు చట్టము ననుసరించి వసూలగుచుండిన వినోదపు పన్నులో తగ్గింపు. సారథీ స్టూడియో ముందే వెలసియుండెను. 1976లో అన్నపూర్ణ, 1996లో రామోజీ ఫిలిం సిటీ వచ్చినవి. పరిశ్రమ నెమ్మదిగా ఇల్లు చేరినది. మరి యిది మిషిగను కథవలె ఏల ముగియలేదు? మా యభిప్రాయము వినుడు. పాంటియాకునకు వచ్చిన చిత్రమునకు ఆ యూరితో చుట్టరికము లేదు. తెలుగు చిత్రమునకు భాష యిచ్చట, కథ యిచ్చట, డబ్బిచ్చి చూచువాడిచ్చట. రాయితీ దానిని కొనలేదు, ఇంటికి దారి చూపినది. అందుచేత ఆనాటి ఖర్చు వ్యర్థము కాలేదని మేము నమ్ముచున్నాము.

కాని నిన్న సరియైనది నేడును సరియే యగునా? 2015లో 'రుద్రమదేవి'కి తెలంగాణ ప్రభుత్వము, 2017లో 'గౌతమీపుత్ర శాతకర్ణి'కి రెండు తెలుగు ప్రభుత్వములు వినోదపు పన్ను మినహాయించినవి. చరిత్రను చూపు చిత్రములని కారణము చెప్పిరి. ఆ శాతకర్ణి యుద్ధములు మొరాకోలోను, జార్జియా దేశములోను, మధ్యప్రదేశములోను చిత్రింపబడినవి. ఈ జార్జియా ఇంతవరకు మేము చెప్పిన అమెరికా రాష్ట్రము కాదు, కాకసస్ కొండలలోని దేశము. కూలిసొమ్ము అచ్చటివారికి, పన్ను నష్టము మనకు. పోనిండు, టిక్కెట్టు కొన్నవానికైన వెల తగ్గినదా? ఈ ప్రశ్న న్యాయస్థానముల దాక పోయినది.

2017 జూలై 1 నాడు వస్తుసేవల పన్ను వచ్చి రాష్ట్రముల వినోదపు పన్నును మ్రింగివేసినది. ఇక రాష్ట్రములు పన్ను తగ్గింతుమన్నను వాటి పాలు మాత్రమే తిరిగి యీయగలవు. అందుచేత ఇప్పుడు పోటీ యంతయు సబ్సిడీలలోను, భూములలోను జరుగుచున్నది. ఉత్తరప్రదేశము, గుజరాతు, కాశ్మీరము తమతమ సినిమా విధానములను ప్రకటించినవి. కేంద్ర ప్రభుత్వము 2023లో, మన దేశమునకు వచ్చి చిత్రములు తీయు విదేశీయులకు ఖర్చులో నూటికి 40 వంతుల వరకు, 30 కోట్ల రూపాయలకు మించకుండ ఇత్తుమన్నది. 2014లో రాష్ట్రము రెండైనది. ఇప్పుడు హైదరాబాదు తన పరిశ్రమను పోనీయనన్నది, విశాఖపట్టణము రమ్మని పిలుచుచున్నది. ఒకే భాష, ఒకే ప్రేక్షకుడు, రెండు బొక్కసములు! ఈ రెండును వేలముపాటకు దిగినచో మేరీలాండు జాబువంటిది తెలుగులో వ్రాయుటకు ఎంతసేపు పట్టును?

విశాఖలో స్టూడియోలు వలదని మేమనము. సముద్రమును కొండలును గల ఆ పట్టణమునకు చిత్రములు తమంతట తామే పోవుచున్నవి. సొమ్మిచ్చినచో చిత్రమునకు గాక పనికి ఇండు. దీపములు మోయువాడు, రంగులు వేయువాడు, శబ్దము పట్టువాడు నేర్చిన విద్య ఒక చిత్రముతో పోదు, మరునాడు మరియొక నిర్మాతకు పనికివచ్చును. 2025 ఆగస్టులో హైదరాబాదు సినిమా కార్మికులు 30 వంతుల కూలి పెంపు కోరి సమ్మె చేసిరి. ప్రభుత్వము మధ్యవర్తిగా నిలిచినది, మంచిదే. కాని సబ్సిడీ పుచ్చుకొను నిర్మాత కూలి సకాలమున చెల్లించినాడో లేదో చూచిన తరువాతనే సొమ్ము విడుదల చేయవలెనను నిబంధన పెట్టుటకు సమ్మె దాక ఆగనేల?

మసాచుసెట్సు రాష్ట్రమున రెవిన్యూ శాఖవారు సినిమా రాయితీలపై నివేదికలు ప్రకటించుచు, ఆ సొమ్ములో ఎంత పాలు బయటివారి జీతములకు పోయినదో వ్రాయుచున్నారు. ఆ లెక్కలు చూచియు 2021లో వారు రాయితీని శాశ్వతము చేసికొనిరి. అది వారి యిష్టము, తెలిసి చేసినారు. ఏ చిత్రమునకు ఎంత ఇచ్చితిరి, ఎంతమంది మనవారికి ఎన్ని దినముల పని దొరకినది అను రెండు ప్రశ్నలను మన శాసనసభ్యులచేత రానున్న బడ్జెటు సమావేశములో అడిగింపవలెనని ఈ సభ పేరిట ఒక లేఖ సిద్ధపరచినాము. కార్యదర్శిగారి బల్లమీద నున్నది. సంతకము చేయదలచినవారు పోవునపుడు చేసి పోవచ్చును.