పీజీ డాక్టరుకూ నిద్ర కావాలి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేం చదివిన రోజుల్లో హుజూర్‌నగర్ పిల్లలకు మెడిసిన్ సీటంటే హైదరాబాదుకో వరంగల్‌కో పెట్టె సర్దుకోవడమే. 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. సంతోషం. ఎంబీబీఎస్ తర్వాత పీజీ సీటొస్తే స్వీట్లు పంచుతాం. ఆ మూడేళ్లు ఎట్లా గడుస్తాయో మాత్రం అడగం.

పీజీ డాక్టరు సగం విద్యార్థి, సగం ఉద్యోగి. థీసిస్ రాయాలి, వార్డు నడపాలి. పెద్దాసుపత్రిలో రాత్రి రెండింటికి మీ నాన్నను చూసేది ఎక్కువగా వాళ్లే. నా రోజుల్లో పొద్దున ఎనిమిదికెక్కిన డ్యూటీ మర్నాడు రాత్రి ఎనిమిదికి దిగేది. 36 గంటలు. నిద్రొస్తుందంటే "మేమూ ఇట్లనే చేసినం" అనేవాళ్లు సీనియర్లు. ఆ మాట మా వృత్తిలో తాతల ఆస్తి లెక్క చేతులు మారుతూనే ఉంది.

నిబంధనలు లేక కాదు. రెసిడెంట్లకు సాధారణంగా వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలు మించొద్దని 1992లోనే కేంద్రం చెప్పింది. 2023లో జాతీయ వైద్య కమిషన్ పని గంటలు సమంజసంగా ఉండాలంది గానీ, ఎన్నో చెప్పలేదు. 2024లో ఆ కమిషన్ టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు, ఏకబిగిన 24 గంటలు మించొద్దని సిఫారసు చేసింది. ముప్పై రెండేళ్లలో అంకె పెరిగింది, చూశారా!

అమెరికాలో ఈ పోరాటం మొదలుపెట్టింది ఒక రోగి తండ్రి. 1984లో న్యూయార్కు ఆసుపత్రిలో లిబ్బీ జయాన్ అనే పద్దెనిమిదేళ్ల అమ్మాయి చనిపోయింది. జూనియర్ డాక్టర్లతో అన్నేసి గంటలు పని చేయించడాన్ని ఆయన వదలకుండా ప్రశ్నించాడు. 1989లో ఆ రాష్ట్రం వారానికి 80 గంటల హద్దు పెట్టింది. కనుక ఇది డాక్టర్ల గోల మాత్రమే అనుకోకండి.

పని గంటలొక్కటే బాధ కాదు. 2024 జూన్‌లో మన జూనియర్ డాక్టర్లు సమ్మె చేసింది స్టైపెండ్ నెలనెలా ఇవ్వమని. తట్టుకోలేక మానేద్దామంటే లక్షల్లో బాండు. దాన్ని తీసేయమని 2024 జనవరిలో కమిషనే రాష్ట్రాలకు రాసింది. కొందరు పిల్లలు మనకు దక్కలేదు. పేర్లు చెప్పను.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్ల ఫోన్ చేసి "నాతోని కాదమ్మా" అంటే, సీటు విలువ గుర్తుచేయకండి. తిన్నావా, ఎన్ని గంటలు పడుకున్నావని అడగండి. వీలైతే బస్సెక్కి వెళ్లండి. టెలిమానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇప్పుడే ఫోన్లో ఎక్కించుకోండి. మన సంఘంలోని డాక్టర్లం భోజనాల దగ్గరే ఉంటాం. ఇంట్లో పీజీ చేసే పిల్లలున్నవాళ్లు మా నంబర్లు తీసుకోండి, వాళ్లకివ్వండి.