చిన్న జల్లెడ

మీ వాషింగ్ మెషీన్‌లోకి నీళ్లు సన్నగా వస్తున్నాయా? మాకూ అలాగే వస్తే పాత సామాన్లవాడికి ఇచ్చేయబోయాం. చూస్తే, మన మిర్యాలగూడ బోరు నీళ్లలోని ఇసుక, ఉప్పు కలిసి, మెషీన్ వెనుక పైపు బిగించే చోట ఉండే చిన్న జల్లెడను మూసేశాయి.

ముందు ప్లగ్ తీసేయండి. స్విచ్ ఆపితే చాలదు, ప్రాణంతో చెలగాటం వద్దు. కుళాయి కట్టి, కింద గిన్నె పెట్టి, పైపు విప్పండి. జల్లెడను పట్టకారుతో మెల్లగా లాగి పాత బ్రష్షుతో రుద్దండి. తెల్లటి పెచ్చు వదలకపోతే నిమ్మరసంలో నానబెట్టండి. తిరిగి బిగించి, కుళాయి తిప్పి, ఎక్కడా కారడం లేదని చూశాకే ప్లగ్ పెట్టండి. అప్పటికీ నీళ్లు రాకపోతే మెకానిక్‌ను పిలవండి. లోపలి వైర్ల జోలికి పోవద్దు.

ప్రియులారా, అంత పెద్ద యంత్రం ఆగింది వేలెడంత జల్లెడ దగ్గర. మన ఇంట్లో మాటలు ఆగిపోయినప్పుడు కూడా, మనిషిని వదులుకునే ముందు, అడ్డుపడిన ఆ చిన్నది ఏమిటో వెతుకుదామా?