చిట్టాపుస్తకము నుండి కంప్యూటరు వఱకు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మన కులమువారిలో చిన్న వర్తకములపై జీవించువారు పెక్కుమంది గలరు. వారి నుద్దేశించి కంప్యూటరు రక్షణను గూర్చి కొన్ని మాటలు చెప్పవలసినదని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. మేము యంత్రశాస్త్రము చదివినవారము కాము. ముప్పది యేండ్లుగా నొక చిన్న పట్టణమున టోకు కిరాణావర్తకము చేసికొనుచున్న వారము మాత్రమే. అయినను ఈ విద్యకు మేము చెల్లించిన గురుదక్షిణ కొంచెము కాదు గనుక, ఆ పాఠమును మీకు ఉచితముగా నొప్పగించుట మా విధియని యెంచి సమ్మతించితిమి.

ముందుగా మా కథనే విన్నవింతుము. 2019వ సంవత్సరమున దసరా బేరముల దినములలో నొక యుదయమున మా గుమాస్తా కంప్యూటరు తెఱచెను. లెక్కల దస్త్రములలో నొక్కటియు తెఱచుకొనలేదు. ప్రతిదాని పేరును మాఱిపోయి యుండెను. తెరమీద ఆంగ్లమున నొక బెదరింపు లేఖ కానవచ్చెను. కోరిన సొమ్మును బిట్‌కాయిన్ రూపమున పంపినగాని లెక్కలు దక్కవని దాని సారాంశము. క్రిందటి సాయంకాలము "మీ బిల్లు" అను పేర వచ్చిన ఇమెయిలులోని దస్త్రమును మా గుమాస్తా తెఱచుటయే దీనికి మూలమని తరువాత తెలిసినది. అందు వాని తప్పు కొంచెము, మా తప్పు పెద్దది. వానికి మేమెన్నడును ఒక్క హెచ్చరికయైన చేసియుండలేదు.

నకలు లేదా యని మీరడుగవచ్చును. పెన్‌డ్రైవులో నకలుండెను. కాని ఆ పెన్‌డ్రైవును రేయింబవళ్లు అదే కంప్యూటరునకు తగిలించి యుంచితిమి. కంప్యూటరుతో బాటు అదియు చెడినది. తాళము వేసి, తాళపుచెవిని ఆ తలుపునకే వ్రేలాడదీసి యూరికి పోయినవాని తెలివి మాది.

మూడేండ్ల ఆవర్జా ఒక్క రాత్రిలో పోయినది. సొమ్ము పంపిన లెక్కలు వచ్చునను నమ్మకము లేదు గనుక మేము పంపలేదు. కాగితపు బిల్లుల కట్టలు ముందు వేసికొని నలువది దినములు మరల వ్రాసితిమి. చిల్లరకొట్లవారు పలువురు తమ చీటీలను తామే తెచ్చి, "మా బాకీ యింత, వ్రాసికొనుడు" అనిరి. వారి మంచితనమునకు మేమెప్పటికిని ఋణపడియున్నాము. కొందఱు రాలేదు. వారి ప్రసంగ మిచ్చట ననవసరము.

ఇంతకంటె బాధాకరమైన సంగతి యొకటి కలదు. పరువు పోవునని వెఱచి మే మీ విషయ మెవ్వరికిని చెప్పలేదు. మూడు వారములు గడువకముందే, మా వీధిలోనే మందులకొట్టు పెట్టుకొనిన మన బంధువొకరికి అట్టి ఇమెయిలే వచ్చెను. ఆయన కొట్టులో నదియే జరిగెను. మేము నోరు విప్పియుండిన నాయన తప్పించుకొని యుండెడివారు. మా లెక్కల నష్టము కాలక్రమమున పూడినది. ఆయన ముఖము చూచినపుడు మాకు కలుగు సిగ్గు మాత్రము నేటికిని పోలేదు. మే మీ వేదికపై నిలుచుటకు కారణ మిదియే.

"మాది చిన్న కొట్టు, మాయొద్ద నేమున్నదని దొంగ వచ్చును?" అని మనవారు తఱచుగా ననుచుందురు. ఇది పెద్ద పొరపాటు. ఈ దొంగ ఇల్లు చూచి వచ్చువాడు కాడు. ఊరిలోని తలుపులన్నిటిని త్రోసి చూచి, గడియ లేని యింట దూరును. 2017 మే 12న బయలుదేరిన వన్నాక్రై అను రాన్సమ్‌వేర్ కొలది దినములలో 150 దేశములలో 2,00,000కు మించిన కంప్యూటర్లను చెఱచెను. ఇంగ్లండులో ఆసుపత్రుల పనులు స్తంభించినవి. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖవారి కంప్యూటర్లును కొన్ని దాని వాత బడినవి. ఆ లోపమునకు మైక్రోసాఫ్టువారు దిద్దుబాటును అదే సంవత్సరము మార్చి 14ననే విడుదల చేసియుండిరి. ఔషధము ఇంటనుండగా సేవింపక రెండు నెలలు కాలము గడపి, జబ్బు తెచ్చుకొన్నట్లయినది.

మఱియు చిన్నవాని వాకిలి పెద్దవాని కోటకు దారియగును. 2013 చివర అమెరికాలోని టార్గెట్ అను పెద్ద దుకాణముల సంస్థనుండి సుమారు 4 కోట్ల బ్యాంకు కార్డుల వివరములు దొంగలపాలైనవి. ఆ సంస్థకు శీతలయంత్రముల పని చేయు ఒక చిన్న గుత్తదారునియొద్ద దొంగిలించిన పాస్‌వర్డుతో దొంగలు లోపల ప్రవేశించిరి. కావున చిన్నతనము మనకు కవచము కానేరదు.

అట్లని దిగులుపడ బనిలేదు. మన తాతలు చిట్టాను, ఆవర్జాను, గల్లాపెట్టెను నాలుగు నియమములతో కాపాడుకొనిరి. తాళపుచెవి నొరులకీయలేదు. లెక్కల నకలును ఇంటి భోషాణమున దాచిరి. నోటిమాటపై సొమ్ము వదలలేదు. సందెవేళ రొక్కము సరిచూడక కొట్టు కట్టలేదు. నేటి యంత్రమునకును ఈ నాలుగే చాలును.

మొదటిది తాళపుచెవి. నేటి తాళపుచెవి పాస్‌వర్డు. కొట్టు పేరు, బిడ్డల పుట్టినతేది, 123456 అనునవి తాళములు కావు. ఒకదానితో నొకటి సంబంధములేని నాలుగైదు మాటలను గ్రుచ్చి పెట్టుకొనిన మనకు జ్ఞాపకముండును, దొంగ యూహకందదు. ఇమెయిలునకు ఒకటి, బ్యాంకునకు వేఱొకటి, జీఎస్టీ ఖాతాకు మఱియొకటి యుండవలెను. వీనిలో ఇమెయిలు పాస్‌వర్డు మిక్కిలి ముఖ్యము. ఏలయనగా, తక్కిన ఖాతాల పాస్‌వర్డులను మార్చుకొను లేఖలు సాధారణముగా నచ్చటికే వచ్చును. పాస్‌వర్డుతో బాటు ఫోనులో వచ్చు సంఖ్యను గూడ నడుగు రెండంచెల తనిఖీని ఇమెయిలునకును, దాని రెండంచెల తనిఖీని వాట్సాపునకును తప్పక నమర్చుకొనుడు. ప్రతి గుమాస్తాకును వేఱు ప్రవేశము కల్పింపుడు. లెక్కలు వ్రాయువానికి క్రొత్త ప్రోగ్రాములెక్కించు నధికార మవసరము లేదు. పని మానిన వాని ప్రవేశమును ఆ దినముననే మూసివేయుడు. వైఫై రౌటరుతో వచ్చిన పాస్‌వర్డును కొన్ననాడే మార్చుడు.

రెండవది నకలు. లెక్కలు మూడు ప్రతులుగా నుండవలెను, రెండు విధములైన సాధనములపై నుండవలెను, అందొకటి కొట్టు వెలుపల నుండవలెను. కంప్యూటరులో నొకటి, బయటి హార్డుడిస్కులో నొకటి, ఇంటిర్నెట్టుమీద అద్దెకు దొరకు స్థలమున నొకటి యైనచో సరిపోవును. హార్డుడిస్కును నకలు తీయునపుడు మాత్రమే తగిలించి, పిదప నూడదీసి యింటికి గొనిపోవలెను. రెండు డిస్కులను దినము మార్చి దినము వాడుట మఱియు క్షేమము. ఇల్లలుకగనే పండుగ కాదు. నెలకొకసారి ఆ నకలును వేఱొక కంప్యూటరులో తెఱచి, లెక్కలు చదువ వచ్చుచున్నవో లేదో చూడవలెను. చూడని నకలు లేని నకలుతో సమానము.

మూడవది నోటిమాటను నమ్మకుండుట. సొమ్ము పుచ్చుకొనుటకు యూపీఐ పిన్నుతో పనిలేదు. పిన్ను సొమ్ము పంపునపుడు వాడునది. "మీకు సొమ్ము వచ్చును, పిన్ను కొట్టుడు" అనువాడు నిస్సందేహముగా దొంగ. ఖాతాదారుడు తన ఫోనులో చూపు బొమ్మ రసీదు కాదు. మన ఖాతాలో జమపడినపుడే సొమ్ము ముట్టినట్లు. సరకు పంపు వర్తకుని పేర "మా బ్యాంకు ఖాతా మాఱినది, ఇకమీదట దీనికి పంపుడు" అని లేఖ వచ్చినచో, ఆ లేఖలోని సంఖ్యకు గాక, మనయొద్ద పూర్వమునుండి యున్న సంఖ్యకు ఫోను చేసి, ఆయన గొంతు విని గాని పైస కదలింపరాదు. బ్యాంకు ఉద్యోగినని చెప్పి ఎనీడెస్క్ వంటి ప్రోగ్రామును ఎక్కింపుమనువానికి మన తెర నప్పగింపరాదు. వాట్సాపులో పెండ్లిపిలుపు పేర వచ్చినను, ఏపీకే అను తోకగల దస్త్రమును ముట్టరాదు. ఫోనులోనే నిర్బంధించితిమని పోలీసు దుస్తులలో బెదరించువారును కలరు. డిజిటల్ అరెస్టు అనునది మన చట్టమున లేనేలేదు.

నాల్గవది సందెవేళ తనిఖీ. కొట్టు కట్టుటకు ముందు యూపీఐ జమలను బ్యాంకు ఖాతాతో సరిచూడుడు. ప్రొద్దున కొట్టు తెఱచునపుడు క్యూఆర్ కాగితముపై నెవరైన వేఱొకటి యంటించిరేమో చూచి, ఒక రూపాయి పంపి పరీక్షింపుడు. కంప్యూటరు దిద్దుబాటు లడిగినపుడు "తరువాత" యని త్రోసివేయక, వారమునకొక రాత్రి దానికి కేటాయింపుడు. విండోస్ 7కు సంరక్షణ 2020 జనవరి 14తోను, విండోస్ 10కి సాధారణ సంరక్షణ 2025 అక్టోబరు 14తోను ముగిసినవి. అట్టి పాత యంత్రముపై బ్యాంకు పనులు చేయుట గోడ కూలిన యింట గల్లాపెట్టె నుంచుటయే. దొంగప్రతి ప్రోగ్రాములును వలదు. దొంగసరకుతో దొంగయు నింట ప్రవేశించును.

ఇన్ని చేసినను ఒకనాడు మోసము జరుగవచ్చును. అప్పుడు కాలమే ధనము. దొంగలుపడిన ఆఱు నెలలకు కుక్కలు మొఱిగినట్లు కారాదు. సొమ్ము పోయినదని తెలిసిన క్షణముననే 1930 సంఖ్యకు ఫోను చేయుడు, లేదా సైబర్ క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను ప్రభుత్వ స్థానమున వ్రాయుడు, బ్యాంకునకును తెలుపుడు. సొమ్ము దొంగ ఖాతాను దాటిపోకముందే తెలిసినచో దానిని నిలుపుటకు వీలగును. సందేశములను చెఱపివేయవలదు. అవియే సాక్ష్యము. మా వంటి రాన్సమ్‌వేర్ కష్టమైనచో వెంటనే ఇంటర్నెట్టు తీగె లాగి, ఆ యంత్రమును తక్కినవానినుండి వేఱుచేయుడు. రిజర్వుబ్యాంకు 2017 జూలై 6న నిచ్చిన యుత్తరువున, బ్యాంకు తప్పుగాని ఖాతాదారుని తప్పుగాని లేక జరిగిన మోసమును మూడు పనిదినములలో తెలిపినవానికి నష్టబాధ్యత లేదనియు, ఖాతాదారుని యజాగ్రత్తవలన జరిగినచో తెలుపువఱకు కలిగిన నష్ట మాయనదే యనియు విధించెను. వివరములు మాఱినను సూత్రము మాఱదు. ముందు తెలిపినవానికి నష్టము తక్కువ.

తెలుపుట కడ్డమువచ్చునది సిగ్గు. మోసపోయినవానిని చూచి నవ్వు అలవాటు మనలో కలదు. ఆ నవ్వే దొంగకు మిక్కిలి సహాయము. ఇల్లు కాలినవానిని చూచి నవ్వుదుమా? నీళ్లబిందెతో పరుగెత్తుదుము. ఇదియు నట్టిదే. కావున రెండు మనవులు చేయుచున్నాము.

మొదటి మనవి పెద్దలకు. ప్రతి పట్టణశాఖయు నెలకొకసారి కూడునపుడు, ఆ నెలలో మనవారికి తగిలిన మోసములను పేర్లు చెప్పకయే సభకు వినిపించు నాచారమును నెలకొల్పుడు. పది నిమిషములు చాలును. రెండవ మనవి యువకులకు. మీలో ననేకులు హైదరాబాదులోను, బెంగుళూరులోను, అమెరికాలోను కంప్యూటరు కొలువులలో నున్నారు. సంక్రాంతికి ఇంటికి వచ్చినపుడు ఒక గంట మీ మామగారి కొట్టులోనో, పెదనాన్నగారి మిల్లులోనో కూర్చుండి, నకలు తెఱచుచున్నదో లేదో, రెండంచెల తనిఖీ యున్నదో లేదో చూడుడు. వారి యజ్ఞానమును నవ్వవలదు. ఆ చిట్టాపుస్తకముల ఆదాయముతోనే మీరు చదివితిరి.

ఈ సభనుండి యింటికి పోయినపిమ్మట, ఈ రాత్రియే పెన్‌డ్రైవును కంప్యూటరునుండి ఊడదీసినవా రొక్కరున్నను మా యుపన్యాసము సార్థకమైనదని భావింతుము.  మన సంఘము వర్ధిల్లుగాక!