వాకిట్లో వేసవి



ఎండాకాలం రాగానే మనం మొట్టమొదట చేసే పని ఏమిటి? తలుపులు మూసేయడం. ఆ తర్వాత కిటికీలు మూసి, పరదాలు దించి, కూలరు ముందు చేరడం. బడి లేని పిల్లలు ఫోను పట్టుకుని మూలకు కూర్చుంటారు. సాయంత్రానికి ఇంటిల్లిపాదికీ చిరాకే. "ఎప్పుడు పోతుందో ఈ ఎండాకాలం!" అనుకుంటూనే మూడు నెలలూ గడిపేస్తాం. నేనూ అలా గడిపినదాన్నే.

నా పుట్టిల్లు ఎల్లంతకుంట. చిన్నప్పుడు మాకు వేసవి అంటే ఆరుబయటే. పొద్దుగూకగానే వాకిట్లో నీళ్లు చల్లి, నులక మంచాలు వేసేవాళ్లు. మా అమ్మమ్మ ఉత్తరం దిక్కు చూపించి, ఆ నాలుగు చుక్కలు మంచం కోళ్లనీ, వెనకాల మూడు చుక్కలు దాన్ని ఎత్తుకుపోవడానికి వచ్చిన దొంగలనీ చెప్పేది. అవే సప్తర్షులని నాకు బడిలో చేరాక తెలిసింది.

పెళ్లయి సిరిసిల్ల వచ్చాను. ఇరుకు గల్లీ, ఆనుకుని ఇళ్లు, పొద్దస్తమానం సాంచెల చప్పుడు. ఇక్కడ వేసవి అందం ఏముంటుందిలే అనుకున్నాను. మా ఇంటి ముందు ఒక్క వేపచెట్టు ఉండేది. ఆకు రాలే రోజుల్లో ఊడ్వలేక దాన్ని తిట్టుకునేదాన్ని. గల్లీలో సిమెంటు రోడ్డు వేసినప్పుడు, "బురద రాకుండా మొదలుదాకా పోసేయండయ్యా" అని పనివాళ్లకు చెప్పిందీ నేనే.

రెండేళ్లు గడిచాయి. ఉగాది పచ్చడిలోకి పువ్వు కోద్దామని పైకి చూస్తే ఒక పక్క కొమ్మలన్నీ మోడువారి ఉన్నాయి. ఎవరి నెత్తిన పడుతుందో, కొట్టించేద్దామన్నారు గల్లీవాళ్లు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోవాలి. ఆ దరఖాస్తు ఎవరు రాయాలని మాట్లాడుకుంటుంటే ఎదురింటి అవ్వ, "దానికి నీళ్లు తాగ జాగ ఏడ ఉంచిండ్రు బిడ్డా?" అంది. ఆమె అందరినీ అడిగింది గానీ, ఆ మాట తగిలింది నాకే.

చెట్టు వేళ్లకు నీరే కాదు, గాలి కూడా కావాలి. మొదలుదాకా సిమెంటు పోస్తే రెండూ అందవు. మేస్త్రీని పిలిచి చెట్టు చుట్టూ మూరెడు మేర పగలగొట్టించాం. గునపం వేళ్లకు తగలకుండా దగ్గరుండి చూసుకున్నాం. ఎండిన కొమ్మల వరకే తీయించాం. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు రోజుకో ఇంటివాళ్లు పోయాలని వంతులు పెట్టుకున్నాం. సబ్బునీళ్లు మాత్రం పోయనివ్వలేదు. మరుసటి ఉగాదికి ఆ పక్కనా ఎర్రెర్రని చిగురు కనిపించింది. పోయిన కొమ్మలు మాత్రం మళ్లీ రాలేదు. ఆ ఖాళీ చూసినప్పుడల్లా నా తప్పు నాకు గుర్తొస్తుంది.

నీళ్లు పోయడానికి పొద్దున్నే బయటికి రావడం మొదలుపెట్టాకే నాకు వేసవి కంటపడింది. సాంచెలు ఆగిన కాసేపట్లో కోయిల వినిపించేది. "కుహూ" అని గొంతెత్తేది నల్లటి మగపిట్ట. ఆడదానికి గోధుమరంగు ఒంటి మీద తెల్లచుక్కలుంటాయి. అది తన గుడ్లను కాకిగూట్లో పెడుతుంది. ఈ సంగతి చెప్పగానే మా పిల్లలు ఫోన్లు పక్కన పడేసి, ఆడకోయిలను ముందుగా ఎవరు చూస్తారోనని పందెం కాశారు. రేలచెట్టుకు పసుపు గుత్తులు వేలాడేదీ, మడగాస్కర్ దీవి నుంచి మన దేశానికి వచ్చిన తురాయి ఎర్రగా విరగబూసేదీ ఈ ఎండల్లోనే కదూ!

సిమెంటు గోడ పగలంతా వేడిని దాచుకుని రాత్రి మన మీదికి వదులుతుంది. చెట్టు నీడ ఇవ్వడమే కాదు, ఆకుల నుంచి నీటిని ఆవిరిగా వదిలి చుట్టూ గాలిని చల్లబరుస్తుంది. గదిలో ఉక్కపోస్తున్నా చెట్టు కింద ప్రాణం హాయిగా ఉండేది అందుకే.

అలాగని మిట్టమధ్యాహ్నం బయట తిరగమని నేననడం లేదు. పన్నెండు నుంచి నాలుగు వరకు నీడ పట్టునే ఉండాలి. చిన్నపిల్లల్నీ, పెద్దవాళ్లనీ అసలే పంపవద్దు. పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం ఎండ దిగాక పిల్లల్ని వెంటబెట్టుకుని చెట్టు కిందికి రండి. ఒక చెంబు సల్ల తెచ్చుకోండి. పిట్టల కోసం మట్టి మూకుడులో నీళ్లు పోసి, అవి వాలడానికి మధ్యలో చిన్న రాయి పెట్టండి. ఆ నీళ్లు రోజూ మార్చండి, లేకుంటే దోమలు చేరతాయి. వాకిలి లేనివాళ్లకు డాబా ఉండనే ఉంది. రాత్రి ఒక చాప పరిచి, అమ్మమ్మ మంచం కోళ్లను పిల్లలకు చూపించండి.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఈ సాయంత్రం తలుపు తీసి మీ గల్లీలో ఉన్న చెట్టు దగ్గరికి వెళ్లండి. దాని మొదట్లో మట్టి కనిపిస్తోందా? కనిపించకపోతే, చెట్టు పూర్తిగా మోడుబారకముందే నలుగురు అమ్మలక్కలను పిలవండి. మేము ఆలస్యంగా చేసిన పని మీరు ముందుగా చేసినవాళ్లవుతారు.