ఇల్లు కాలిన మఱునాఁడు



ఇల్లంటుకొన్న వేళ కడవలతోఁ బరుగెత్తని యూరు లేదు. మంట చల్లారిన పిదప నెవరి యిండ్లకు వారు పోవుదురు. మఱునాఁటి యుదయమున ఆ గృహిణి నల్లబాఱిన గోడల నడుమ నొంటరిగా నిలిచియుండును. నేఁటి నా ప్రసంగము ఆ మఱునాఁటిని గూర్చినది.

మొదట తొందర కూడదు. కప్పు దూలములలో నిప్పు గంటల కొలఁది దాఁగియుండును. తడిసిన మట్టిగోడ కూలవచ్చును. పెద్దలు ముందుగాఁ జూచి, విద్యుత్తు నిలిపింపవలెను. వేఁడి తగిలిన గ్యాసుబండను ముట్టక సరఫరాదారునకుఁ దెలుపవలెను. నష్టమును అధికారులు వ్రాసికొనువఱకు, ఛాయాచిత్రములు తీయించువఱకు ఏ వస్తువును పాఱవేయరాదు.

మసి యనఁగా జిడ్డు కలిసిన అతిసూక్ష్మమైన బొగ్గుపొడి. తడిగుడ్డతో రుద్దినచో అది సున్నపుగోడలోనికి దిగి మఱి వదలదు. మా యూర నొక యింట నిట్లే చేసిరి. మూఁడుమార్లు వెల్ల వేసినను డాగు పైకి వచ్చుచునే యుండెను. కావున మెత్తని పొడిగుడ్డతో, రుద్దక, పైనుండి క్రిందికిఁ దుడువవలెను. గుడ్డ నల్లబడఁగానే మార్చవలెను. పిదప గోరువెచ్చని నీటఁ గొంచెము చాకలిసోడా కలిపి, రంగు వేసిన గోడలను క్రిందినుండి పైకిఁ గడుగవలెను. పైనుండి కడిగినచో నల్లనీరు పొడిగోడపై జాఱి చారలు కట్టును. వెల్లగోడలకుఁ బాతసున్నము గీఁకి, క్రొత్తవెల్ల వేయుట మేలు.

మన తాతలనాఁటి పొగ కట్టెలది, గడ్డిది. నేఁటి పొగలో ప్లాస్టిక్కు కుర్చీలు, నురుగు పఱుపులు, విద్యుత్తీఁగల తొడుగులు కాలిన విషము కలదు. తొడుగులు కాలఁగా వెలువడు ఆమ్లపుఁబొగ లోహములను దినివేయును; కావునఁ బాత్రలను ఆలస్యము చేయక కడుగవలెను. పొగ సోకిన భోజనపదార్థములను, మందులను విడువవలెను. పాత సిమెంటు రేకులలో ఆస్బెస్టాసు ఉండును. అవి పగిలినచో ఊడ్వక, నీటఁ దడిపి యెత్తవలెను. పనిచేయువారు మాస్కును, చేతితొడుగులను ధరింపవలెను. పిల్లలను, గర్భిణులను, ఉబ్బసపు రోగులను దూరముగా నుంచవలెను.

ఇంతపని యొక కుటుంబమునకు మించినది. ఇల్లు పోయిన దుఃఖములో నున్నవారికి ఏది ముందో, ఏది వెనుకో తోఁచదు. ఆ మాట చెప్పఁదగినవారు మీరే. మొదటినాఁడు కడవతో వచ్చిన యూరు రెండవనాఁడు పొడిగుడ్డతో రావలెను. అప్పుడే ఆ మంట నిజముగా చల్లారినట్లు.