మందు చల్లు పంపులో గాలి జారుట



మలేరియా మందును ఇంటి గోడలపై చల్లు పనివారు భుజమునకు తగిలించుకొని వచ్చు ఉక్కు డబ్బాను మీలో పెక్కురు చూచియుందురు. దానిలో మూడు పాళ్లు మందు నీరు, తక్కినది గాలి. పిడి పట్టి గాలి కొట్టినకొలది లోపలి గాలి బిగిసి, నీటిని గొట్టములోనికి నెట్టును. మందును గోడకు చేర్చునది ఆ గాలి బలమే. సైకిలు ట్యూబునకును, పిల్లలు గురి నేర్చుకొను గాలి తుపాకికిని వచ్చు జబ్బే దీనికిని వచ్చును. ఎక్కడనో కంటికి కానరాని సందున గాలి సన్నగా జారిపోవును.

కొద్దిపాటి గాలికి ఇంత చర్చ యెందుకని మీరు అడుగవచ్చును. మలేరియాను మోయునది దోమయని రొనాల్డ్ రాస్ కనుగొన్నది 1897లో మన సికిందరాబాదునందే. ఆ జాతి దోమలలో పెక్కు, రక్తము త్రాగి బరువెక్కిన పిదప దగ్గరి గోడపై వ్రాలి విశ్రమించును. గోడపై తగినంత మందున్నచో అక్కడనే చచ్చును. చాలనిచో బ్రదికి మరియొకరిని కుట్టును. అందుచేతనే మందునకు కొలత ఏర్పరచినారు. చదరపు అంగుళమునకు 55 పౌండ్ల ఒత్తిడి వచ్చువరకు గాలి కొట్టి పని మొదలిడవలెను. 25 పౌండ్లకు దిగకముందే మరల కొట్టవలెను. 40 పౌండ్ల వద్ద, ఈ పనికి నియమించిన నాజిలు నుండి నిమిషమునకు సుమారు 760 మిల్లీలీటర్లు వెడలును. ఒత్తిడిని సమము చేయు వాల్వు లేని పంపులో అది 10 పౌండ్లకు పడిపోయినచో మందు సగమే పడును. పనివాని నడక మారదు. గోడ తడిసినట్లే యుండును. రిజిస్టరులో ఆ యిల్లు పూర్తియైనట్లే యెక్కును. జ్వరము వచ్చిన నాడు మాత్రము జనులు మందునే నిందింతురు.

పరీక్షకు మందు అక్కరలేదు. పంపును బాగుగా కడిగించి, మంచినీరు పోయించి, నీడలో నుంచి, 55 పౌండ్లవరకు గాలి కొట్టించి, వేళ గుర్తించి అరగంట వదలుడు. నీడలోనని యేల చెప్పితిననగా, ఎండలో కాగిన డబ్బాను చల్లని చోట ఉంచినచో, ఏ దోషము లేకున్నను ముల్లు రెండు మూడు పౌండ్లు దిగును. ఆ మాత్రమునకే పంపును విప్పి పాడుచేయరాదు. అంతకు మించి దిగినచో, మరి ఆగక దిగుచునే యున్నచో, జారుడు ఉన్నట్లే.

ఇక చోటు పట్టవలెను. నీటి మట్టమునకు దిగువ రంధ్రమున్నచో చుక్క కారి తానే చెప్పును. గొట్టము బిగించిన చోట వదులున్నచో, అది డబ్బా పైభాగముననే యున్నను, అచ్చటను నీరే వచ్చును. ఏలయనగా లోపలి నాళము అడుగువరకు దిగియుండును. కట్టివేసిన పిదపను నాజిలు కారుచున్నచో దోషము చేతి మీట వద్ద గల వాల్వులో నున్నది. కొట్టిన పిదప పిడి తనంతట తాను పైకి లేచుచున్నచో పంపు అడుగున నున్న వాల్వు మూసికొనుట లేదని తెలియవలెను. చిక్కెల్ల మూత చుట్టును, గేజి మొదటను, గాలి విడుచు మీట వద్దను. అక్కడ గాలియే పోవును గాన గుర్తుండదు. సబ్బు నురుగు కుంచెతో పూసి ఓపికతో చూడుడు. ఒక పంపునకు మేము మూత వాషరును రెండుమార్లు మార్చి, రెండుమార్లును విఫలులమైతిమి. తుదకు గేజి మరల మొదట ఆవగింజంత బుడగ లేచుట కనబడెను. నురుగు ముందే పూసియున్నచో రెండు వాషర్లు మిగిలెడివి.

మాన్పుట తరచు సులభమే. మూత తెరచుటకు ముందు లోపలి గాలిని పూర్తిగా విడువవలెను; ఇది మరచినవారికి గాయములు తప్పవు. పెక్కుమార్లు వాషరుపై ఎండిన మన్నో, ఇసుక రేణువో యుండును. తుడిచి, మూతను సరిగా కూర్చుండబెట్టిన చాలును. పగిలిన రబ్బరు వాషరును మార్చవలసినదే. దానికి నార చుట్టుట, నూనె పూయుట వలదు. ఇంజను నూనె తగిలిన రబ్బరు ఉబ్బి చెడును. పిడి చివరనుండు తోలు గిన్నె సంగతి వేరు. అది ఎండినచో ఎంత కొట్టినను గాలి ఎక్కదు, దానిని ఆముదములో నాననిచ్చిన మరల మెత్తబడును. గేజి మరలకు కుళాయి పనివారు చుట్టు తెల్లని టేపు చాలును. డబ్బా ఒడలే చిల్లుపడినచో అతుకు వేయింపక పక్కన పెట్టించుడు. మూసుకొనిన నాజిలును నోటితో ఊదనీయకుడు. కడిగిన నీటిని చెరువులోనికిగాని బావి దాపునకుగాని పోనీయకుడు.

మందు జట్టు మీ గ్రామమునకు రానున్న దినము మీకు ముందే తెలియును. ఆ ముందునాటి సాయంకాలము పంపులన్నింటిని పంచాయతీ కార్యాలయము వసారాలో వరుసగా పెట్టించి, ఈ అరగంట పరీక్ష మీ యెదుటనే జరిపింపుడు. ప్రతి డబ్బాపై మొదటి అంకెను, చివరి అంకెను సుద్దతో వ్రాయించుడు. దిగిన డబ్బాను మరునాడు ఇంటింటికి పంపక, వాషరు వచ్చువరకు వసారాలోనే ఉంచుడు.